మెడలో లేని గొలుసు

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 26:1–11; యెహోషువ 4:1–7



మన సంఘములలో పెద్దలు ఎవరైనను నిద్రించినప్పుడు, సంవత్సరము తిరుగగానే జ్ఞాపకార్థ కూడిక పెట్టుట వాడుక. బల్లమీద తెల్లని గుడ్డ పరచి, దానిమీద బైబిలును, నిద్రించినవారి ఫొటోను ఉంచుదుము. పాటలు పాడి, వాక్యము చదివి, నలుగురు నాలుగు మంచి మాటలు చెప్పి, భోజనములు చేసి పోవుదుము. ఇట్టి కూడికలు మేము అనేకములు జరిపితిమి. అయితే ఇటీవల ఒక కూడికకు ముందు మా మనస్సులో పుట్టిన ప్రశ్న ఇంతవరకును మమ్మును విడువలేదు. అందుచేత దానిని మీ యెదుట పెట్టుచున్నాము.

మా సంఘములోని ఒక వృద్ధురాలి మనుమడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. నాయనమ్మ అనిన అతనికి ప్రాణము. కూడికకు రెండు దినములు ముందుగా అతడు మా యింటికి వచ్చి రెండు ఫొటోలు మా చేతికిచ్చెను. మొదటిది పోస్టుకార్డంత పాత ఫొటో. వెనుక పెన్సిలుతో 1972 అని మాత్రమే వ్రాసియున్నది. కోత పండుగ నాడు పట్టణమునుండి వచ్చిన అతిథి ఎవరో మన గుడి ముందు తీసినదట. అందులో ఒక నడివయస్సు స్త్రీ వెలిసిపోయిన ముతక చీర కట్టుకొని, చెప్పులు లేకుండ ఎండలో నిలిచియున్నది. చేతిలో జొన్నల చేట ఉన్నది. కుడిచేతి వ్రేలికి గుడ్డపీలిక చుట్టియున్నది. మెడ బోసిగా నున్నది.

రెండవది పెద్ద ఫొటో, బంగారురంగు చట్రములో బిగించినది. ముఖము అదే. కాని ఒంటిమీద పట్టుచీర, మెడలో రెండుపేటల గొలుసు, చెవులకు కమ్మలు, వెనుక నీలిరంగు తెర. చేట లేదు. వ్రేలిమీద గుడ్డపీలిక లేదు.

“అయ్యగారూ, నాయనమ్మది ఫొటో అంటే ఇదొక్కటే. దీన్ని ఇట్టాగే పెడితే వచ్చినోళ్లు ఏమనుకుంటారు? అందుకే స్టూడియోలో ఇచ్చి బాగు చేయించా. బతికుండగా ఆమెకు పట్టుచీర కట్టించలేకపోయాం. ఇదన్నా చేద్దామని” అని అతడు చెప్పెను. ఆ మాట చెప్పునప్పుడు అతని కన్నులు చెమ్మగిల్లుట మేము చూచితిమి.

అంతలో ఆ నాయనమ్మ చెల్లెలు, ఇప్పుడు ఎనుబది దాటినది, కర్ర ఊతగా మా అరుగు ఎక్కెను. మనుమడు పెద్ద ఫొటోను ఆమె కన్నులకు దగ్గరగా పెట్టెను. ఆమె చాలసేపు చూచి, “ఎవుర్రా ఈమె?” అని అడిగెను.

“నాయనమ్మే, చిన్న నాయనమ్మా. ఆనవాలు పట్టలేదా?”

“మా అక్క అయితే చేట ఏది? వేలికి గుడ్డ ఏది? ఈ గొలుసెక్కడిది? దాన్ని అమ్మిన రోజున బజారుకి తోడు పోయినదాన్ని నేనేగా!”

అప్పుడు ఆమె నెమ్మదిగా సంగతి చెప్పినది. ఆ సంవత్సరము వానలు లేవు. కూలి కూడ సరిగా దొరకలేదు. కోసినవారి చేలలో అక్కచెల్లెండ్రిద్దరు పరిగె ఏరుకొని పిల్లలను సాకిరి. దొరికిన రెండు మూడు కోత దినములలో ఒకనాడు కొడవలి తెగి అక్క వ్రేలికి గాయమాయెను. అయినను కోత పండుగ నాటికి పరిగె జొన్నలలో మొదటి చేటెడు తీసి గుడికి తెచ్చెను. ఆ యేటనే ఆమె కుమారుడు, అనగా ఈ మనుమని తండ్రి, ఉపాధ్యాయ శిక్షణకు ఎన్నికై, సొమ్ము కట్టవలసి వచ్చెను. పెండ్లిలో పుట్టింటివారు పెట్టిన సన్నని గొలుసు ఒక్కటే ఆ యింటిలో ఉన్న బంగారము. దానిని అమ్మి కొడుకును పంపెను. “ఆ తరవాత మెడలో ఇంకో గొలుసు వెయ్యలా. ఎవురన్నా అడిగితే, నా గొలుసు బడికి పోయిందమ్మా అని నవ్వేది” అని ఆమె ముగించెను.

మనుమడు ఆ మాట అంతకుముందు ఎన్నడును వినలేదు. తండ్రి చెప్పలేదు, తండ్రియు ప్రభువునందు నిద్రించి కొన్ని యేండ్లాయెను. అతడు చాలసేపు ఏమియు పలుకక, పెద్ద ఫొటోను బోర్లించి పెట్టెను.

ప్రియులారా, మాకు కలిగిన ప్రశ్న ఇదియే. మన పెద్దలను ప్రేమచేత, వారి గౌరవము నిమిత్తము, వారు ఉన్నట్లు గాక వారు ఉండవలెనని మనము కోరినట్లు జ్ఞాపకము చేసికొనుట తప్పా? ఆ యువకునిది దురుద్దేశము కాదు. ఎవరిని మోసము చేసి ధనము సంపాదించలేదు. తప్పని యెంచిన, అది ఎవరికి అపకారము చేసినది?

ఆ పిల్లవానికి తీర్పు తీర్చకముందు మా సంగతి మేము ఒప్పుకొనవలెను. మేము సెమినరీలో చేరుటకు దరఖాస్తు వ్రాసినప్పుడు, తండ్రి వృత్తి అను గడిలో “వ్యవసాయము” అని వ్రాసితిమి. మా తండ్రి నేల దున్నెననుట నిజమే. అయితే ఆ నేల ఆయనది కాదు. ఆయన ఒక రైతు యింట సంవత్సర జీతమునకు ఉన్న పాలేరు. ఒకసారి ఆయన మమ్మును చూచుటకై తలకు తువ్వాలు చుట్టుకొని, వేరుసెనగకాయల మూటతో సెమినరీకి వచ్చెను. భోజనశాల యొద్ద ఒక తోటి విద్యార్థి “ఎవరాయన?” అని అడుగగా, “మా ఊరాయన” అంటిమి. ఆయన వినెను. ఏమియు అనలేదు. మూట మా చేతికిచ్చి, తరువాతి బస్సునకు వెళ్లిపోయెను. పేతురు నిప్పు కాచుకొనుచు ప్రభువును ఎరుగననిన సంగతిని మీకు అనేక పర్యాయములు ప్రసంగించితిమి. ఆ వాక్యము చదివిన ప్రతిసారి మా చేతిలో ఆ వేరుసెనగకాయల మూట బరువు తగులును. మా తండ్రి ఫొటో అనునది ఇప్పుడు మాకు మిగిలినది ఒక్కటే, ఆయన ఓటరు గుర్తింపు కార్డు మీద తపాలా బిళ్లంత ఉన్నది.

కాబట్టి ఆ ప్రశ్నకు జవాబును పరుల తప్పుగా కాక మా తప్పుగా వెదకితిమి. దొరికినది చెప్పుదుము.

మొదట, లేని గొలుసు పెట్టినప్పుడు ఉన్న దానిని తీసివేసితిమి. ఆ బోసిమెడ దరిద్రము కాదు. అది ఆమె కొడుకునకిచ్చిన చదువు. ఆ వ్రేలి గుడ్డ అసహ్యము కాదు. అది ఆమె కష్టము. ఆ చేట దేవునికి ఆమె తెచ్చిన ప్రథమఫలము. స్టూడియోవాడు గొలుసు వ్రాసిన చోట ఆమె త్యాగము చెరిగిపోయెను. మనము ఆమెను గౌరవించితిమని తలంచితిమి గాని, ఆమె చేసినదానిలో మిక్కిలి గొప్పదానిని ఆమె మెడనుండి దొంగిలించితిమి.

రెండవది, ఇది దేవుని సాక్ష్యమునకు సంబంధించిన సంగతి. పైన చెప్పిన ద్వితీయోపదేశకాండము ఇరువదియారవ అధ్యాయమును మీ యిండ్లలో నెమ్మదిగా చదువుడి. ఇశ్రాయేలీయుడు పాలు తేనెలు ప్రవహించు దేశములో స్థిరపడి, పంట చేతికి వచ్చి, గంప నింపుకొని యాజకుని యెదుట నిలువవలెను. అతడు అప్పుడు ఏమి చెప్పవలెనని దేవుడు ఆజ్ఞాపించెను? తన ధాన్యపు కొట్లను గూర్చి కాదు. తన పితరుడు దిక్కులేక తిరిగిన అరామీయుడనియు, కొద్దిమందితో ఐగుప్తునకు పోయి పరవాసిగా ఉండెననియు, అక్కడ తమవారు కఠినదాస్యము చేసి మొఱ్ఱపెట్టిరనియు, దేవుడు ఆలకించెననియు చెప్పవలెను. గంప నిండియున్న దినముననే దాస్యమును ఒప్పుకొనవలెను. ఎందుకనగా దాస్యము చెప్పనివాడు విమోచనను ఏలాగు చెప్పగలడు? పట్టుచీరతో పుట్టినవారికి దేవుడు చేసిన మేలేమని పిల్లలు అడిగిన మనయొద్ద జవాబుండదు.

మత్తయి సువార్త మొదటి అధ్యాయము చూడుడి. రాజుల రాజు వంశావళి అది. మనమైతే అందులో కొన్ని పేర్లు దాచియుందుము. పరిశుద్ధాత్మ దాచలేదు. తామారు ఉన్నది, రాహాబు ఉన్నది, పరిగె ఏరుకొని బ్రతికిన మోయాబీయురాలగు రూతు ఉన్నది. దావీదు పాపము మరుగుపడకుండ, ఊరియా భార్య అని చెప్పియే సొలొమోను తల్లిని పేర్కొనెను. మన ప్రభువు సిగ్గుపడని వంశావళిని చదువుకొను మనము, మన వంశావళిలో కొడవలిని చూచి సిగ్గుపడుదుమా?

మన ప్రాంతపు సంగతియే చూడుడి. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును కాల్చిన గొప్ప కరువులో, ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని చూపిరి. తిండికొరకు మతములో చేరిరను మాట రాకూడదని, సహాయము జరుగు కాలమంతయు బాప్తిస్మములు ఇయ్యక ఆపిరి. తరువాత 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మన సంఘములలో చాలమందికి నోటికి వచ్చును. అయితే ఆనాడు నీటిలోనికి దిగినవారిలో, ఆ కాలువలో తట్టమోసినవారిలో, మన తాతముత్తాతలు ఎవరైన ఉండిరేమో చెప్పగల యిండ్లు ఎన్ని? సంఖ్య నిలిచినది, మన యిండ్లలో పేర్లు జారిపోయినవి. మన్ను మోసితిమని చెప్పుకొనుటకు నడుమ ఒక తరము వారు సిగ్గుపడిరి. తరువాతి తరమునకు చెప్పుటకు ఏమియు మిగులలేదు.

యెహోషువ నాలుగవ అధ్యాయములో యొర్దాను నడుమనుండి తెచ్చిన పండ్రెండు రాళ్లను గూర్చి చదువుదుము. అవి చెక్కిన రాళ్లు కావు. యాజకుల పాదములు నిలిచిన చోటనుండి, ఏటి అడుగున ఉన్నవి ఉన్నట్లుగా ఎత్తి తెచ్చినవి. అవి నోరు తెరచి మాటాడవు. పిల్లలు అడుగవలెను, తండ్రులు చెప్పవలెను. ఫొటోయు అట్టిదే. కథ లేని ఫొటో ఏటి రాయి. చెప్పువారు చనిపోయిన తరువాత ఎంత పెద్ద చట్రములో బిగించినను అది ఎవరిదో తెలియని ముఖమే. ఫొటో లేకపోయినను కథ నిలుచును. తిమోతికి వచ్చిన విశ్వాసము మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉండెనని పౌలు వ్రాసెను. వారి రూపమెట్టిదో ఎవరికి తెలియును? అయినను వారి విశ్వాసము నేటికిని సంఘములో చదువబడుచున్నది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనలో ఇండ్లకు ఇండ్లే కొట్టుకొనిపోయెను. అట్టి ఇంటిలో మిగిలినవారికి తమవారి జ్ఞాపకముగా నోటి మాట తప్ప మరేమి ఉండును?

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: “అయ్యగారూ, ఉన్నది ఉన్నట్లు చెప్పమంటిరి. తాత త్రాగి అవ్వను కొట్టిన సంగతి కూడ పిల్లలకు చెప్పవలెనా?” ఇది న్యాయమైన ప్రశ్న. నోవహు ద్రాక్షారసమునకు మత్తుడై పడియున్నప్పుడు, హాము ఆ దిగంబరత్వమును చూచి బయట చెప్పెను. షేము, యాపెతు వెనుకకు నడిచి తండ్రికి వస్త్రము కప్పిరి. కప్పినవారు దీవెన పొందిరి. అయితే గమనించుడి, ఆ సంగతి గ్రంథములో వ్రాయబడియే యున్నది. హాము చెప్పినదానికిని, మోషే వ్రాసినదానికిని భేదము కలదు. నవ్వుటకు చెప్పుట వేరు, బుద్ధి వచ్చుటకు చెప్పుట వేరు.

మాకు తోచినంతవరకు దారి ఇది. బీదతనము, కూలిపని, చదువు లేమి, ఇవి పాపములు కావు. వీటిని కప్పనక్కరలేదు, ధైర్యముగా చెప్పవలెను. మనవారిని ఊరికి వెలుపల ఉంచినవారు సిగ్గుపడవలెను గాని, ఉంచబడినవారు కాదు. ఇక పెద్దల పాపమైతే, దానివలన బాధపడినవారు సజీవులై యున్నంతకాలము, వారి సెలవు లేనిదే చెప్పుటకు మనకు అధికారము లేదు. చెప్పవలసి వచ్చినప్పుడు నలుగురిలో కాదు, అవసరమున్న బిడ్డకు ఏకాంతముగా, కన్నీటితో చెప్పవలెను. త్రాగుడు ఆ యింటిని ఏమి చేసెనో తెలియని మనుమడు అదే గోతిలో పడవచ్చును. కాని దాచుట వేరు, అబద్ధము కట్టుట వేరు. కొట్టిన తాతను గూర్చి కూడికలో నోరు మూసికొనవచ్చును. ఆయన భక్తుడని పొగడుట మాత్రము, ఆ దెబ్బలు తినిన అవ్వను మరల కొట్టుటయే.

మరియొక హెచ్చరిక కలదు. మోషే ఎత్తిన ఇత్తడి సర్పము దేవుడు రక్షించిన దినమునకు గురుతు. తరువాతి తరములవారు దానికి ధూపము వేయసాగిరి గనుక హిజ్కియా దానిని పగులగొట్టెనని రెండవ రాజుల గ్రంథము పదునెనిమిదవ అధ్యాయములో నున్నది. మన యింటి గోడమీది ఫొటో మనలను దేవుని స్తుతించుటకు నడిపించవలెను. దాని ముందర దీపము పెట్టి, మ్రొక్కి, కోరికలు కోరినయెడల అది గురుతు కాదు, విగ్రహము. విచిత్రమేమనగా, నగలు పెట్టి మెరుగు దిద్దిన ఫొటోకే మ్రొక్కబుద్ధి పుట్టును. చేట పట్టుకొని ఎండలో నిలిచిన నాయనమ్మను చూచినప్పుడు ఎవరును మ్రొక్కరు. ఆమె ఎవరికి ఆ చేట తెచ్చెనో ఆయనకు మ్రొక్కుదురు.

ఇక చేయవలసిన పనిని గూర్చి కొన్ని మాటలు. మీ యింటి పాత ఫొటోలను ట్రంకుపెట్టె అడుగునుండి పైకి తీయుడి. తడిగోడకు వ్రేలాడదీయకుడి, ఎండ తగులు చోట పెట్టకుడి. చెదలు, వెండిపురుగులు రాకుండ పొడి కాగితపు కవరులో వేరువేరుగా ఉంచుడి. జిగురుతోను, అంటుటేపుతోను అతికించకుడి. ప్లాస్టిక్ పొరలో వేడిచేసి మూయించకుడి, ఒకసారి మూసినది మరల విడదీయలేము. చట్రపు అద్దమునకు అంటుకొనిన ఫొటోను బలవంతముగా లాగిన ముఖమే ఊడివచ్చును. అద్దముతోనే నీడపట్టున ఉంచి, సెల్‌ఫోనుతో దానికొక నకలు తీయుడి. ఆ నకలును ఒక్క ఫోనులోనే ఉంచక, ఇద్దరు ముగ్గురు బంధువులకు పంపుడి. ఫోను పోయిననాడు అదియు పోవును. ముఖ్యముగా ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో, నొక్కక, పేరు, ఊరు, సంవత్సరము, అప్పుడేమి జరిగెనో ఒక్క వాక్యము వ్రాయుడి. బాల్‌పెన్నుతో వ్రాసిన ఆ గీత ముందరి వైపునకు పొడుచుకొనివచ్చును.

పాడైన ఫొటోను బాగు చేయించుటలో తప్పు లేదు. చిరుగు అతుకుట, మరక తీయుట, పెద్దది చేయించుట మంచిదే. లేనిది చేర్చవలదు, ఉన్నది తీయవలదు. ఫొటోయే లేని పెద్దలు మీ యింటిలో నున్నయెడల, ఈ వారమే వారి ప్రక్కను కూర్చుండి అడుగుడి: నీవు చిన్నప్పుడు ఏమి తింటివి? మొదటి కూలి ఎంత? మన యింటిలో మొదట ప్రార్థన చేసినవారెవరు? వారు గొప్ప సంగతులు చెప్పనక్కరలేదు. పిడికెడు బియ్యము తీసి గుడికి దాచిన కుండ యే మూలనుండెనో చెప్పిన చాలును.

ఆ కూడిక ఏలాగు జరిగెనో చెప్పి ముగింతుము. తెల్లని గుడ్డమీద బైబిలు ప్రక్కను ఆ పోస్టుకార్డంత పాత ఫొటోయే ఉంచబడెను. వెనుక కూర్చున్నవారికి అది కనబడలేదు. కాబట్టి వరుసగా లేచి వచ్చి, ఒక్కొక్కరు వంగి చూచి పోయిరి. మనుమడు లేచి మాటాడలేకపోయెను. అయితే అతని కుమార్తె, ఎనిమిదేండ్ల పిల్ల, ఫొటో చేతిలోనికి తీసికొని అందరికి వినబడునట్లు, “నాన్నా, తాతమ్మ వేలికి ఆ గుడ్డ ఏంటి?” అని అడిగెను. చిన్న నాయనమ్మ తన కర్ర ప్రక్కను పెట్టి, “ఇట్టా రా అమ్మా, చెప్తా” అని ఆ పిల్లను తన యొద్ద కూర్చుండబెట్టుకొనెను. ఆ దినమున మేము సిద్ధపరచుకొనిన ప్రసంగము చేయలేదు. అక్కరలేకపోయెను.

రాబోవు కోత పండుగకు మీరు గంపలతో వచ్చునప్పుడు, ఆ గంప వెనుకనున్న చేతులను గూర్చి ఒక్క మాట మీ పిల్లలతో చెప్పి రండి. పాలేరు కుమారుడనని చెప్పుకొనుటకు ఒకప్పుడు సిగ్గుపడిన మీ కాపరియు ఆ దినమున తన తండ్రిని గూర్చి చెప్పును. మనలను మన్నులోనుండి లేవనెత్తిన దేవునికి, ఆ మన్నును మరువని హృదయములతో స్తోత్రము చెల్లించుదుము గాక. ఆమేన్.